ఆపేసిన వార్నింగ్

ఎటోబికోలో ఒక డోనట్ షాపు ముందు, పట్టపగలు, కారు తలుపు తీయబోతూ దేశ భద్రతా బ్యూరో ప్రోగ్రామర్ సంతోషం కుప్పకూలాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఒక్కటే గుండు. కాల్చినవాడు వ్యానెక్కి హైవేలో కలిసిపోయాడు.

బ్యూరో ఏజెంట్ షాలేమ్ రాజు ఫోన్‌లో ఆయన గొంతు అప్పటికే రికార్డయి ఉంది.

"రాజూ, ఎరైవల్ ఫైలు దాకా వచ్చాన్రా. నేను ఆన్ చేసిన వార్నింగులు అందులో ఎవరో మళ్ళీ ఆపేశారు. పెద్ద డబ్ల్యూ వేసి చూడు."

మళ్ళీ ఆ వార్నింగుల గోలేనని రాజు ఫోన్ ఎత్తలేదు. ఏజాక్స్ ఊరి చర్చిలో తనని చూసి, బ్యూరోలో చేర్పించి, కోడ్ రాయడం నేర్పించిన మనిషి ఆయన. ఆ రికార్డింగు వింటూ రాజు పార్కింగులోనే కూర్చుని ఏడ్చాడు.

విమానాశ్రయంలో దిగేవాళ్ళని తనిఖీ చేసే ఎరైవల్ ఫైలుతో సహా, బ్యూరో స్క్రిప్టులన్నీ పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసినవి. చాలామంది చేతులు పడ్డ కోడ్. ఎక్కడైనా విలువ నింపకుండా ఖాళీగా వాడేస్తే, కోడ్‌ని నడిపే ఇంటర్‌ప్రెటర్ హెచ్చరిస్తుంది, వార్నింగులు ఆన్ చేసి ఉంటే. కానీ ఆ టీమ్‌లో ఒక ఆనవాయితీ ఉంది: వార్నింగులు ఆన్ చేసినవాడే అవన్నీ శుభ్రం చేయాలి. అందుకని ఏళ్ళ తరబడి ఎవరూ వాటి జోలికి పోలేదు. రిటైరయ్యేలోగా ఫైలు తర్వాత ఫైలు తనే బాగుచేస్తానని సంతోషం పూనుకున్నాడు.

రిచ్‌మండ్ హిల్‌లో టాక్స్ ఆఫీసు బోర్డు వెనక చీఫ్ రామమోహనరావు ఉంటాడు. రాజు తలుపు తట్టగానే లోపలి నుంచి గొంతు వినబడింది.

"ఈ ఏడు మంచు తొందరగా పడుతుందంటారా?"

"పడితే పార మా ఇంట్లోనే ఉంది," రాజు సంకేతవాక్యం పూర్తిచేశాడు.

తలుపు తెరుచుకుంది.

"గ్రే హెరాన్ ముఠా పని," అన్నాడు చీఫ్, రికార్డింగు విన్నాక. "బాంబులు తయారుచేసేవాడొకడిని రేపు దింపుతున్నారు. కోడ్‌నేమ్ టైలర్. వాడు లోపలికొస్తే వారంలో ఏదో ఒక సబ్‌వే స్టేషన్ పేలిపోతుంది. ఆగస్టు కదా, విమానాలన్నీ స్టూడెంట్లే. ఆ రద్దీలో కలిసి వస్తాడు."

"ఏ పేరుతో?"

"అదే తెలీదు. మన టీమ్‌లోనే ఎవరో వాళ్ళకి పనిచేస్తున్నారు. ఆఫీసు నుంచి కోడ్ ముట్టుకుంటే తెలిసిపోతుంది. రేపు నువ్వు విమానాశ్రయం ఎరైవల్ హాల్లోంచే ఆ స్క్రిప్టు నడపాలి."

ఆ సాయంత్రం సంతోషం ఇంట్లో ప్రార్థన. ఆయన భార్య రూపవతి రాజు చెయ్యి పట్టుకుంది. "ఎవరూ వినట్లేదని రోజూ బాధపడేవారు నాయనా. నువ్వొక్కడివన్నా వింటావనేవారు."

కిటికీ దగ్గర ఏనీ నిలబడి ఉంది. బ్యూరోలో అందరూ రాసిన కోడ్ సరిచూసి రివ్యూ చేసేది ఆమే. నల్లబట్టల్లోనూ నలుగురూ తిరిగి చూసే అందం. రాజు కూడా ఎన్నోసార్లు చూశాడు.

"అంకుల్ చివరగా నీకేమైనా చెప్పారా?" మెల్లగా అడిగింది.

"ఫోన్ ఎత్తలేదు," అన్నాడు. అది నిజమే.

"రేపు మా తమ్ముడు చదువుకోడానికి విజయవాడ నుంచి దిగుతున్నాడు. డేవిడ్‌సన్. వాడికి వింటర్ జాకెట్ కొన్నా."

"ఆగస్టులోనా?"

"వాడికి చలి అస్సలు పడదు రాజూ." ఆమె కళ్ళు తడిశాయి.

మర్నాడు ఎరైవల్ హాల్లో వందలమంది స్టూడెంట్లు. ప్లాస్టిక్ చుట్టిన సూట్‌కేసులు, గుండెకు హత్తుకున్న ఫైళ్ళు. వాళ్ళలో ఒకడిగా, వీపున బ్యాగు, చంకలో ప్రెషర్ కుక్కర్‌తో రాజు. కుక్కర్ అడుగున కోడ్ నడిపే చిన్న కంప్యూటర్, విజిల్‌లో యాంటెనా, దాన్ని నొక్కితే గేట్లు మూసే మీట. లైన్లో ఇంకో పదిమంది దగ్గర కుక్కర్లున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మామూలు వార్నింగ్ స్విచ్‌ని ఫైల్లో ఒక్క లైను నోరు మూయించగలదు. పెద్ద డబ్ల్యూ అక్షరం వేసిన స్విచ్ ఆ లైన్లని లెక్కచేయదు. రాజు స్క్రిప్టుని ఆ స్విచ్‌తో మళ్ళీ మొదలుపెట్టాడు.

హెచ్చరికలు జడివానలా కురిశాయి. పాత పాపాలన్నీ ఒకేసారి. వడగట్టి, ఎరైవల్ ఫైలువి మాత్రమే ఉంచాడు. తెర ఖాళీ అయింది. గేట్లలో ఒక్కొక్కరూ వేలు పెట్టి దాటుతున్నారు. ఏమీ లేదు.

గేట్ నాలుగులో ఒకడు వేలు పెట్టాడు. తెర మీద ఒక్క లైను మెరిసింది: వేలిముద్ర విలువ నింపలేదు.

అర్థమైంది. ఆ ఒక్క పర్మిట్ నంబరుకి రికార్డులోని ముద్రనీ, ఇప్పుడు పెట్టిన ముద్రనీ రెండింటినీ ఖాళీగా వదిలేసేలా ఎవరో కోడ్ మార్చారు. ఖాళీకి ఖాళీ సరిపోతుంది. తలుపు తెరుచుకుంటుంది.

పచ్చ లైటు వెలగబోతోంది. రాజు విజిల్ నొక్కాడు. గేట్లన్నీ బిగుసుకున్నాయి. చెయ్యి జేబులోకి పోనిస్తున్న ఆ మనిషి నెత్తిన కుక్కర్ మోగింది. టైలర్ స్పృహ తప్పి పడిపోయాడు.

రాజు వాడి పాస్‌పోర్టు తెరిచి పేరు చదివాడు. డేవిడ్‌సన్.

బయట రెయిలింగు దగ్గర జాకెట్ గుండెకు హత్తుకుని ఏనీ నిలబడి ఉంది. రాజు వెనక ఇద్దరు ఆఫీసర్లు. ఆమె వాళ్ళని చూడలేదు.

"వాడేడి?"

"ఏం చేశావ్ ఏనీ?"

"వేలిముద్రలు కలవట్లేదని తమ్ముడి ఫైలు ఆగిపోయింది. ఆ చెక్ ఒక్కటి తప్పిస్తే వాణ్ణి పంపిస్తామన్నారు ఆ ముఠావాళ్ళు. తప్పించి, వార్నింగ్ ఆపేశా. అంకుల్ ఆ ఫైలు దాకా వచ్చేశారని వాళ్ళకి చెప్పా. మాట్లాడి ఆపుతామన్నారు రాజూ. చంపుతామనలేదు."

"వాడి పేరుతో వచ్చింది వేరేవాడు."

రాజు చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు: విజయవాడ నుంచి కబురొచ్చింది. పాస్‌పోర్టు తీసుకున్న రోజే ఆ పిల్లాణ్ణి చంపేశారు.

రాజు ఆమెకి చెప్పాడు. చెప్పక తప్పలేదు. ఆమె జాకెట్ మడతలు సరిచేస్తూ, "ఆ వార్నింగ్ ఆపకపోయుంటే నాకే ముందు తెలిసేది కదా," అంది. సంకెళ్ళు వేస్తున్నప్పుడు కూడా ఆమె దాన్ని వదల్లేదు. తీసుకోవడానికి ఆఫీసర్లకి చేతులు రాలేదు.

సోమవారం చీఫ్ పిలిచాడు.

"శభాష్ రాజూ. ఇక ఆ స్విచ్ ఆపేద్దామా? టీమ్ అంతా గోల పెడుతోంది."

"ఆపొద్దండి."

"ఆనవాయితీ గుర్తుందిగా?"

రాజు సంతోషం కుర్చీలో కూర్చున్నాడు. ఆయన సగం తాగి వదిలిన కప్పు ఇంకా అక్కడే ఉంది. తెర మీద పదకొండువేల వార్నింగులు. దేశాన్ని కాపాడిన ఏజెంటుకి బ్యూరో ఇచ్చిన బహుమతి అది. కళ్ళు తుడుచుకుని మొదటిది తెరిచాడు.