వచ్చిపోయే నొప్పి

ఆ వారంలో లిఫ్టు ఆగిపోవడం అది మూడోసారి. మూడుసార్లూ లోపల ఉన్నది ఆమే. నాలుగో అంతస్తులో బడి యూనిఫారాలు కుట్టే చోట ఆమె కటింగ్ మాస్టర్. నలభై పొరల గుడ్డను ఒక్క ఊపులో కోసే మనిషికి, తలుపు తెరవమని లోపలినుంచి కేకలు వేయడం మహా నామోషీ.

మెకానిక్ వచ్చేసరికి లిఫ్టు బుద్ధిగా పైకీ కిందికీ తిరుగుతోంది.

"లిఫ్టుకేం రోగం లేదు బాబూ. ఈవిడే ఏ బటన్ నొక్కిందో ఏమో," అన్నాడు వాచ్‌మన్.

ఆమె నోరు తెరిచేలోపే మెకానిక్ పనిముట్ల పెట్టె కింద పెట్టాడు. "ఆవిడ ఆగిందన్నారంటే ఆగినట్టే. ఇప్పుడు తిరుగుతోందంటే, ఇప్పుడు తిరుగుతోందని. అంతే." ఆమె వైపు తిరిగాడు. "ఏ టైముకి ఆగింది మేడమ్? లోపల ఎంతమంది? బరువేమైనా ఉందా?"

ఒక్కొక్కటీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. చెబుతూ చెబుతూ ఆమె మధ్యలో ఆగి, ఆ పుస్తకం వైపే చూసింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు. నా మాట ఎవరైనా రాసుకోవడం చూసి చాలా రోజులైంది."

ఏడాదిగా ఆమెకు కుడి డొక్కలో నొప్పి. వచ్చిందంటే ఊపిరి ఆడనివ్వదు. ఆస్పత్రికి చేరేసరికి తోక ముడుస్తుంది. మొదటి డాక్టరు గ్యాస్ అన్నాడు. రెండో ఆయన తలెత్తకుండానే టెన్షన్ అన్నాడు. "సరిగ్గా గిన్నెలు కడిగే వేళకే వస్తుందేం ఆ నొప్పి?" అని వదిన నవ్వింది. "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయిలే," అంది అమ్మ. పదిమంది ఒకటే మాట అంటుంటే, నిజంగా నొస్తోందా అని ఈమధ్య తనకే అనుమానం పట్టుకుంది.

లిఫ్టు రిపేరు ఒక్క పూటది. అతని రాకపోకలు మాత్రం రెండు వారాలు సాగాయి.

"తలుపు దగ్గర ఒక తీగ వదులైంది," అన్నాడు చివరికి. "బరువు వెనక మూలకి చేరితేనే కదులుతుంది. గుడ్డ మూట అక్కడ పెట్టేది మీరొక్కరే."

"మరి నాలో ఏ తీగ వదులైందో ఎవరు చూస్తారు?" అని నవ్వుతూనే సంగతంతా చెప్పింది.

అతను నవ్వలేదు. "మీరే చూడాలి. ఎప్పుడొచ్చింది, ముందేం తిన్నారు, ఎంతసేపుంది, ఎక్కడికి పాకింది. నెల రోజులు రాయండి."

"రాస్తే మాత్రం నమ్ముతారా?"

"మాటని తోసేసినంత తేలిగ్గా కాగితాన్ని తోసెయ్యలేరండీ."

నెల తిరిగింది. వాన దంచి కొడుతున్న ఓ ఉదయం ఇద్దరూ ఒకే గొడుగులో ఆస్పత్రికి వెళ్లారు. గొడుగు ఆమె మీదకే వాలి ఉండడంతో అతని ఎడమ భుజం ముద్దయిపోయింది.

"నేనూ లోపలికి రానా?"

"వద్దు. మీరొస్తే డాక్టరు మీతో మాట్లాడతాడు. నొప్పి నాది. బయట కూర్చోండి."

తడి గొడుగు ఒళ్లో పెట్టుకుని, బడి పిల్లాడిలా కూర్చున్నాడు.

లోపల ఉన్నది ఆ రెండో డాక్టరే. "టెన్షన్ తగ్గించుకోవాలమ్మా," అని మొదలుపెట్టాడు.

ఆమె పుస్తకం తెరిచి ఆయన ముందుకు జరిపింది. "నెలలో పదకొండుసార్లు వచ్చింది డాక్టర్ గారూ. అందులో పదిసార్లు నూనె వస్తువులు తిన్న గంటకి. కుడి భుజం దాకా పాకింది. టెన్షనే అంటే, అదే చీటీ మీద రాయండి. స్కాన్ అక్కర్లేదని కూడా రాసి సంతకం పెట్టండి. తీసుకుని వెళ్తాను."

డాక్టరు మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు. ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. కలం తీసి స్కాన్ రాశాడు.

పిత్తాశయంలో రాళ్లు. ఒకటి కాదు, నాలుగు. ఆపరేషన్ చేయాలన్నారు.

ఫోన్ అందుకుని అమ్మ పరుగున వచ్చింది. రిపోర్టు చూసి బెంచీ మీద కూలబడింది. "ఇంత బాధ పడుతూ నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"చెప్పానమ్మా. ఏడాదిగా చెబుతూనే ఉన్నాను."

అమ్మ కూతురి చెయ్యి ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. తర్వాత, పక్కన తడిసి నిలబడ్డ మనిషి మీదకు చూపు మళ్లింది.

"ఈ అబ్బాయెవరు?"

"నేను పెళ్లి చేసుకోబోయే అబ్బాయి."

అతని చేతిలో గొడుగు జారి కింద పడింది. "ఒట్టండీ, అమ్మగారూ, ఈ సంగతి నాకే తెలియదు," అన్నాడు. ముఖం మాత్రం చాటంతైంది.

"కాదంటారా?" అంది ఆమె.

"అయ్యో, నేనెప్పుడన్నాను?"

అమ్మ కళ్లు తుడుచుకుని, పక్కకు జరిగి, బెంచీ మీద అతనికి చోటిచ్చింది.

"ఇది చెప్పిందంటే నమ్మాలి బాబూ. అది తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నువ్వు అంత ఆలస్యం చెయ్యకు."