నాలుగూ పదికి మోగే బిళ్ళ

అన్నం తింటూ పొలమారితే నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అనే రోజులు పోయాయి. 2086 నాటికి ఆ పని తలపుబిళ్ళ చేస్తోంది. విశాఖపట్నంలో మెడలో అది లేని మనిషి కనిపిస్తే జనం అయ్యోపాపం అనుకునేవారు.

బొట్టుబిళ్ళ కన్నా కాస్త పెద్దది, అంతే. తెలిసిన మనిషి గుర్తొచ్చినప్పుడు మన మెదడులో ఒక ప్రత్యేకమైన అల లేస్తుంది. శాస్త్రజ్ఞులు దానికి స్మృతితరంగం అని పేరు పెట్టారు. తలుచుకున్నవారి బిళ్ళ ఆ తరంగాన్ని పసిగట్టి, సిగ్నల్‌గా మార్చి, నెట్‌వర్క్ ద్వారా అవతలివారి బిళ్ళకు పంపుతుంది. అది సన్నగా మోగుతుంది. ఎవరు తలుచుకున్నారో మాత్రం చెప్పదు. వాళ్ళు ముందే అనుమతి ఇచ్చి ఉండి, మనం ఫలానా వారేనా అని పేరు పెట్టి అడిగితే అవుననో కాదనో అంటుంది. ఇంకో మెలిక కూడా ఉంది. పనిగట్టుకుని తలుచుకుంటే అది లెక్కలోకి రాదు. మొదట్లో జనం ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు తలుచుకుంటూ మురిసిపోతుంటే చూడలేక, తనంతట తాను వచ్చిన తలపునే పట్టేలా దాన్ని సరిదిద్దారు.

లిఖిత మేడంకి డెబ్బైరెండేళ్ళు. ఆ తరం వాళ్ళకి లిఖిత, హర్షిత లాంటి పాతకాలపు పేర్లే ఉంటాయి మరి. ముప్ఫైనాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. పొద్దుట్నుంచి పొద్దుపోయేదాకా ఆవిడతో మాట్లాడేది మెడలోని బిళ్ళ ఒక్కటే. ఆ బిళ్ళ పదకొండేళ్ళుగా రోజుకి ఒక్కసారి, సరిగ్గా సాయంత్రం నాలుగూ పదికి మోగేది.

ఆ ఒక్క మోత కోసం ఆవిడ రోజంతా బతికేది. నాలుగు కొట్టేసరికి టీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. బడి వదిలే వేళ కాబట్టి ఎవరో విద్యార్థే అని ఆవిడ నమ్మకం. ఎవరో తెలిస్తే వెళ్ళి ఒక్కసారి చూడాలని ఆశ. అడిగితే ఎవరూ కాదని తేలుతుందేమోనని భయం. పదకొండేళ్ళు ఆ భయమే గెలిచింది. కిందటి నెల మోకాలి నొప్పి తిరగబెట్టి నాలుగు రోజులు మంచం దిగలేకపోయినప్పుడు, ఇంకెప్పుడు అడుగుతానులే అనిపించింది.

మొదట తన దగ్గర చదివిన ఆదిలక్ష్మికి ఫోన్ చేసింది. ఆ పిల్ల ఇప్పుడు సముద్రపు అలల నుంచి కరెంటు తీసే కేంద్రంలో పెద్ద ఇంజినీరు. "నేనే మేడం. సాయంత్రం టీ తాగుతుంటే మీరే గుర్తొస్తారు" అంది. మేడం పొంగిపోయింది. తరవాత ఏదో అనుమానం వచ్చి సూరిబాబుకి చేసింది. అతనూ తనే అన్నాడు. నరసాయమ్మ కూడా నేనే అంది. పాపం, ముసలావిడ మనసు నొప్పించడం ఎవరికి ఇష్టం?

మేడం హాజరు పట్టీలన్నీ తీసి, నాలుగువందల పన్నెండు పేర్లు బిళ్ళకి చదివి వినిపించింది. వాళ్ళలో అనుమతి ఇవ్వనివాళ్ళకి తనే ఫోన్ చేసి అడిగి ఇప్పించింది. పదహారు రోజులు పట్టింది.

"వీళ్ళలో ఎవరూ కాదండి," అంది బిళ్ళ.

మేడం అక్కడితో ఆగలేదు. తోటి మాస్టర్లు, పక్కింటివాళ్ళు, బడి బస్సు నడిపినాయన, ఒక్కొక్కరి పేరే చెప్పింది. కాదండి, కాదండి. చివరికి విసుగొచ్చి, "మా అక్క హర్షిత అని ఉంది, భీమిలిలో," అంది.

"అవునండి. మొదటి రోజే అనుమతి ఇచ్చారు. మీరే అడగలేదు."

అక్కతో గొడవేమీ లేదు. గొడవైనా పడి ఉంటే గుర్తుండేది. ముందు వారం వారం మాట్లాడుకునేవారు, తరవాత పండగలకి, ఆ తరవాత అదీ లేదు. చిన్నప్పుడు తను బడి నుంచి నాలుగూ పదికి ఇంటికొచ్చి, తలుపు వెనక సుద్దముక్కతో ఎక్కాలు రాస్తే, ఆరేళ్ళు పెద్దదైన అక్క కింద బాసింపట్టు వేసుకుని "చెప్పండి టీచర్" అని కూర్చునేది. హాజరు పట్టీలో లేని మొదటి విద్యార్థి అక్కే.

మర్నాడే భీమిలి వెళ్ళింది. అక్క తలుపు తీసి ఎగాదిగా చూసి, "ఏటే లిఖీ, ఇలా చిక్కిపోయావు" అంది. పప్పుచారు కాచి పెట్టింది. తిన్నాక తన మెడలోని బిళ్ళ చూపించింది.

"నాది ఒట్టి వెధవ సరుకే. పదకొండేళ్ళలో ఒక్కసారీ మోగలేదు. రెండుసార్లు మార్పించాను కూడా."

మేడం తల దించుకుంది. అది ఎందుకు మోగలేదో ఆవిడకి తెలుసు.

ఇంటికొచ్చి అక్కని తలుచుకోవడం మొదలుపెట్టింది. ఫొటో ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, జపంలా తలుచుకుంది. "పనిగట్టుకున్నది లెక్కలోకి రాదండి," అని బిళ్ళ రోజూ చెప్పేది. ఇంత వయసొచ్చి సొంత అక్క తనంతట తాను గుర్తురాదా అని ఏడ్చింది కూడా. రోజూ ఫోన్ మాత్రం చేసేది.

పదమూడో రోజు పొద్దున బెండకాయలు కడిగి తరగబోతూ, గుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తోంది. తడి ఉంటే జిగురొస్తుందని అక్క చంపేసేది. అక్కడితో ఆగి, చేతిలో బెండకాయ వంక చూసింది. అంతలో ఫోన్ మోగింది.

"లిఖీ, నా బిళ్ళ మోగిందే. ఇప్పుడే. ఎవరై ఉంటారంటావు?" అక్క గొంతు పదేళ్ళ పిల్ల గొంతులా ఉంది. ఆసుపత్రిలో కలిసి పనిచేసిన మంగతాయి కావచ్చంది. శ్రీకాకుళం ఆడపడుచు కావచ్చంది. పాత పక్కింటావిడ కూడా కావచ్చంది. బిళ్ళని అడగాలంటే భయమంది. చెల్లెలి పేరు మాత్రం తట్టలేదు.

"నేనే అక్కా."

అక్క నవ్వింది. "ఊరుకోవే. నా మనసు కోసం అంటున్నావులే. అడిగితే అందరూ అలాగే అంటారు."

ఆ సాయంత్రం మేడం టీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. నాలుగూ పది అయింది. నాలుగుంపావు అయింది. బిళ్ళ మోగలేదు.

"పాడైందా?" అని అడిగింది.

"బాగానే ఉందండి. మీ అక్కగారిదీ బాగానే ఉంది. ఈ రోజు ఆవిడకి మీరు గుర్తురాలేదు, అంతే."

అక్క ఇప్పుడు మంగతాయి గురించో ఆడపడుచు గురించో ఆలోచిస్తూ ఉంటుంది, పదకొండేళ్ళు తను విద్యార్థుల గురించి ఆలోచించినట్టే. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ ఇల్లు ఎంత ఖాళీగా ఉందో మేడంకి తెలిసొచ్చింది. తలుపు వెనక సుద్దగీతలు, కింద బాసింపట్టు వేసుకున్న అక్క, పిలవకుండానే కళ్ళ ముందుకొచ్చారు.

"ఈ తలపు చేరిందండి," అంది బిళ్ళ.

భీమిలిలో అక్క మెడలో రెండోసారి మోగింది. ఇంకెవరబ్బా అని అక్క మళ్ళీ ఆలోచనలో పడి ఉంటుంది. మేడం చల్లారిన టీ పక్కన పెట్టి, మర్నాటి నాలుగూ పది కోసం కూర్చుంది.