చింతమొద్దు మీది తలలు

లేని దయ్యాన్ని ఉందని చెప్పి పక్కవాడిని బెదిరించే అలవాటు నీకుంటే, ఇవాళే మానుకో. నవ్వకు... ముందు విను. అటువైపు వాళ్లు చెప్పగా విన్నదే చెబుతున్నాను.

నార్కట్‌పల్లి అవతల ఒక ఊరి వాగు. దాని మీద అడ్డంగా వేసిన చింతమొద్దు. పొద్దుగూకితే అటు ఎవ్వరూ పోరు. పుచ్చిన ఆ మొద్దు మీద తలలు మొలుస్తాయని, అవి మనుషులను పిలుస్తాయని చెడ్డపేరు.

మొలిచిన మాట నిజమే. ఆకు లేదు, కొమ్మ లేదు. సన్నటి ఎర్రకాడ, కొనకు వడ్లగింజంత కాయ. వందలకొద్దీ... అన్నీ ఒకే దిక్కుకు మొహం తిప్పి! అది ఒక తీరు నాచు. పుచ్చిన కట్టె మీద పుడుతుంది, కాయలను వెలుగు వచ్చే దిక్కుకు తిప్పుతుంది. అంతే.

వాటికి తలలని పేరు పెట్టింది మల్లప్ప. మొద్దు దాటి వచ్చే బాట ఆయన చెలక నడుమ నుంచి పోతుంది. జనం నడక ఆగితే దాన్ని దున్ని కలుపుకోవచ్చని ఆశ. "సచ్చినోళ్ల తలలు గవి. పిలిస్తే పలకకుండ్రి" అని ఊరంతా చెప్పాడు. నడక ఆగింది. బాట చెలకలో కలిసింది. పుచ్చిన మొద్దును మార్చే దిక్కు లేకపోయింది.

ఒక్క కూతురికి మాత్రం నిజం చెప్పాడు. నవనీత భయపడి నిద్రపోకపోతే, చెవిలో... "దయ్యం లేదు, గియ్యం లేదు బిడ్డా. ఎవ్వరికి చెప్పకు."

పెద్దయ్యాక నవనీత చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనికి కుదిరింది. అక్కడే కిరాయికి ఉండి, ఆదివారం ఇంటికి వచ్చేది.

ఒక వానాకాలం, చీకటి పడే వేళ. మల్లప్ప, భార్య బక్కమ్మ, పక్క చెలక భీమయ్య... ముగ్గురూ మల్లప్ప చెలకలోని కొట్టంలో కూర్చున్నారు. వాగు దిక్కు నుంచి... పిలుపు.

"బాపూ..."

భీమయ్య నోట్లో బీడీ కింద పడింది. "మల్లన్నా, పిలిచిందే! నువ్వు చెప్పినట్టే!"

"ఆడపిల్ల గొంతు..." బక్కమ్మ లేచింది. "జర పోయి సూస్తవా?"

మల్లప్పకు తెలుసు, అది మనిషే. ఎవరో మొద్దు మీద నుంచి పడ్డారు. కానీ ఉరికితే భీమయ్య ఏమంటాడు? దయ్యం లేదని తెలిసే ఉరికినవా అంటాడు. రేపు ఊరంతా బాట అడుగుతుంది. బాపూ అని పిలిచే పిల్లలు ఊరినిండా ఉన్నారు... తన బిడ్డ వచ్చేది ఆదివారం కదా!

"కూసో" అన్నాడు గొంతు తగ్గించి. "మూడుసార్లు పిలిస్తేనే మనిషి. దయ్యమైతే రెండుసార్లే."

"బాపూ..." ఈసారి సన్నగా.

ముగ్గురూ చెవులు రిక్కించారు. వాన చప్పుడు... వాగు చప్పుడు...

మూడో పిలుపు రాలేదు.

తెల్లారి, విరిగిన మొద్దు కింద నవనీత దొరికింది. అనుకోకుండా సెలవు దొరికి వారం నడుమనే బయలుదేరింది. వానకు ఆటో దొరకలేదు. దగ్గరి దారి కదా అని, ఏ భయమూ లేకుండా నడిచి వచ్చింది.

శవం ముందు మల్లప్ప నెత్తి కొట్టుకుంటూ అంతా చెప్పాడు. "దయ్యం లేదుల్లా! నేనే పుట్టిచ్చిన! నా బిడ్డను నేనే..."

ఎవరూ నమ్మలేదు. బిడ్డ పోయి మతి తప్పిందన్నారు. కలుపుకున్న బాటను మళ్లీ జనానికి వదిలిపెట్టాడు, ఎవరూ కాలు పెట్టలేదు. బక్కమ్మ ఒక్కతే నమ్మింది. నమ్మి, తల్లిగారింటికి పోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో అన్నం తినని పిల్లలను తల్లులు బెదిరిస్తారు. "తింటవా, నవనీతను పిలవాల్నా?"

ఆ మాట చెవిన పడితే మల్లప్ప ఆ గడప ముందే ఆగి చేతులు జోడిస్తాడు.

"నా బిడ్డ దయ్యం కాదవ్వా..."

తలుపు వేసుకుంటారు.