రాతి సింహం చెవిలో మాట

నీలగుట్టల రాజ్యంలో కొండకొక బురుజు ఉండేది. కావలివాడు వానలూ వరదలూ కనిపెట్టి గవ్వల మీద గుర్తులు గీసేవాడు. రాజుగారి హంస రోజూ వెళ్లి, వాకిట ఉన్న రాతి సింహానికి రహస్యపు మాట చెప్పి, తలుపు తీయించుకుని ఆ గవ్వలు తెచ్చేది. ఆ మాట కావలివాడికి కూడా తెలియకూడదని కట్టడి.

ఒకసారి మంత్రి సునందుడు దొంగల భయంతో మాట మార్చాడు. హంసకు చెప్పాడు సరే, చివరి బురుజు సింహానికి చెప్పించడం మరిచాడు! పాపం హంస, వెళ్లినప్పుడల్లా కొత్త మాటే అంది. ఎవరో దొంగ అనుకుని సింహం మండిపడి తలుపు బిగించేసింది. కావలి ఓబన్న లోపల చిక్కుకుపోయాడు. లోపలున్న తిండిగింజలేమో అడుగంటిపోతున్నాయి.

ఓబన్న కూతురు చెంగలువకు నాన్న తప్ప ఎవరూ లేరు. నాన్న గొంగడి కప్పుకుని, ఆ వాసనకే ఏడ్చేది. చివరికి కోటకు వెళ్లి నిలదీసింది.

“తప్పు నాదేనమ్మా” అని మంత్రి తల దించుకున్నాడు. పాత మాటా కొత్త మాటా ఆమె చెవిలో చెప్పి, హంసను చేతికిచ్చాడు. “ప్రాణం మీదికి వచ్చినా ఎవరికీ చెప్పకు.”

అడవి మొదట్లో ఒక ముని కనిపించాడు. సంగతంతా విని నవ్వాడు. “ముందు ఈ హంస నోరు కట్టెయ్యి తల్లీ! పొద్దు వాలేదాకా ఆ వాకిట ఎవరూ నోరెత్తకపోతేనే సింహం కోపం చల్లారుతుంది. అప్పుడు పాత మాట చెప్పి, వెంటనే కొత్తది చెవిలో వెయ్యి.”

నట్టడవిలో ఓ గొంతు పిలిచింది. “చెంగలువా! నేనేనే, మీ నాన్నను. ఎలాగో బయటపడ్డాను. గవ్వలు లోపలే ఉండిపోయాయి. ఆ మాట చెప్పు, తెచ్చుకుందాం.”

ఎన్నాళ్లకు విన్నది ఆ గొంతు! మాట చెంగలువ నాలుక చివరికి వచ్చేసింది. అంతలో ఏదో తేడాగా తోచి ఆగిపోయింది.

“నువ్వు మా నాన్నవు కావు! మా నాన్నయితే ముందు తిన్నావా అని అడుగుతాడు, తర్వాతే ఏదైనా!”

ఆ గొంతు నిజానికి అడవిలో తిరిగే పొగరక్కసిది. అది పళ్లు పటపట కొరికి పొగలా మాయమైపోయింది. ఆ దొంగ గొంతైనా ఇంకొక్కసారి వినపడితే బాగుండునని చెంగలువ వెనక్కి తిరిగి చూసింది, పిచ్చిపిల్ల.

బురుజు వాకిట హంసను గొంగట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల నాన్న దగ్గు వినపడుతోంది. నాన్నా అని అరవాలని ప్రాణం కొట్టుకులాడింది. పెదవి కొరుక్కుని ఊరుకుంది. పొద్దు వాలగానే పాత మాట చెప్పింది. సింహం కళ్లు తెరిచింది. కొత్త మాట చెవిలో వేయగానే తలుపు కిర్రుమంది.

ఓబన్న తూలుకుంటూ బయటికి వచ్చాడు. తలుపు ఎలా తెరుచుకుందని అడగలేదు. కూతురి మొహం రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

“తిన్నావటే, తల్లీ?”

చెంగలువ భోరుమంది.

ఆనాటి నుంచి నీలగుట్టల్లో కొత్త మాట ముందు సింహం చెవిలో పడ్డాకే హంసకు చేరుతుంది. ఆ పెత్తనం రాజుగారు చెంగలువకే కట్టబెట్టారు. తండ్రీకూతుళ్లు ఏ పూటా విడిగా తిన్నది లేదు. ఇంతకీ ఆ మాటలేమిటని నన్నడగకండి పిల్లలూ, ఆవిడ నాకూ చెప్పలేదు!