ఫుల్ మార్కుల గది

ఆ ఆస్పత్రిలో చెవుల గదికి చెడ్డపేరుంది. అందులో కూర్చుంటే బొత్తిగా వినబడనివాళ్లకి కూడా ఫుల్ మార్కులొస్తాయట. బయటికొచ్చాక మాత్రం పిలిస్తే పలకరు...

అక్కడ పరీక్షలు చేసే మా అక్కే చెప్పింది. నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

ఇరుకు గది, మధ్యలో అద్దం. ఇటు అక్క, అటు పేషెంటు. స్పీకర్లో పదిమంది గోల — ఆ గోలలో ఒకావిడ చిన్న చిన్న వాక్యాలు చెప్తుంటుంది. విన్నది తిరిగి చెప్పాలి. సరిగ్గా చెప్పినకొద్దీ గోల పెంచుతారు. ఎక్కువ తప్పితేనే ఉచితంగా చెవి మిషన్. జవాబులన్నీ రికార్డయి నేరుగా డాక్టరుకి పోతాయి.

స్పీకర్లో ఆ రికార్డు గొంతు, అక్కకి ముందు అక్కడ పనిచేసి చనిపోయిన పెద్ద మేడమ్‌ది. బతికుండగా, పేషెంటు తడబడితే చూడలేక, అద్దంలోంచి పెదాలు కదిపి అందించేసేదట.

ఆ సాయంత్రం వర్షం. చివరి పేషెంటు, మగ్గాల మోతలో చెవులు పోగొట్టుకున్న మిల్లు అమ్మాయి. పసిబిడ్డని బయట ఆయాకిచ్చి వచ్చింది.

"రాత్రి బిడ్డ ఏడిస్తే వినబడదక్కా. మొన్న గుక్కపట్టి నీలమైపోయింది... పక్కనే పడుకునున్నా."

మిల్లులో పెదాలు చూసి మాట పట్టడం ఆమెకి అలవాటు. అందుకే, స్పీకరుతోపాటు తన పెదాలూ కదుల్తాయేమోనని అక్క నోటికి అట్ట అడ్డం పెట్టుకుంది.

మొదటి వాక్యం సరిగ్గా చెప్పింది. రెండోదీ. అక్క గోల పెంచింది... ఇంకా పెంచింది... చివరిదాకా తిప్పేసింది. అక్కకే ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ఆ అమ్మాయి మాత్రం, అక్క భుజం మీదుగా చూస్తూ, పొల్లుపోకుండా చెప్తోంది.

అక్క రికార్డింగ్ ఆపి లోపలికెళ్లింది. ఎలా వినబడుతోందని అడిగింది.

"వినబడట్లేదక్కా. మీ కుర్చీ వెనకావిడ చెప్తోందిగా..."

అక్క అద్దంవైపు చూడలేదు. ఆమె కుర్చీని గోడకేసి తిప్పి, మళ్లీ మొదలెట్టింది.

ఒక వాక్యం — జవాబు లేదు. ఇంకోటి — లేదు. అక్కకి ప్రాణం లేచొచ్చింది.

మూడోది... గోడనే చూస్తూ ఆ అమ్మాయి చెప్పేసింది. తప్పు లేకుండా. తర్వాతిదీ.

అక్క పరుగున వెళ్లి ఆమె మొహం తనవైపు తిప్పుకుంది. "తెలీదని చెప్పు తల్లీ. సరిగ్గా చెప్తే మిషన్ రాదు."

ఆ అమ్మాయి కళ్లనిండా నీళ్లు. "నోరు నొక్కుకున్నానక్కా... ఆవిడ ఇటొచ్చి, నా ముందు కూర్చుని, అంత ప్రేమగా అందిస్తుంటే — నోరు దానంతటదే కదులుతోంది."

ఆ రెండూ తప్ప అన్నింటికీ ఫుల్ మార్కులు. మిషన్ లేదు.

గుమ్మం దగ్గర వంగి ఆ అమ్మాయి చెప్పులు వెతుక్కుంటోంది. వరండాలో ఆయా చేతుల్లో బిడ్డ గుక్కపట్టింది. ఆమె తలెత్తలేదు.

అప్పుడు చూసింది అక్క — ఖాళీ గదిలో, అద్దానికి ఆనుకుని, ఎవరివో పెదాలు. బిడ్డ ఏడుస్తోంది... బిడ్డ ఏడుస్తోంది... అంటున్నాయట, ఆగకుండా.

ఆ అమ్మాయి వీపు అటుంది.