అబద్ధపు కరువు

చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర నేల లోపల కట్టిన ఆ కేంద్రంలో, గిడ్డంగి తలుపుకు ఆ ఉదయం ఆరో తాళం పడింది. ఉన్నది ఆరుగురు. తిండి ఏడేళ్లకు సరిపడా ఉంది. అయినా ఎవరి తాళం వారిదే.

అసలు కొరత గాలికి. ప్రాణవాయువు తయారుచేసే యంత్రం పేలిపోయి అప్పటికి నలభై రోజులు. పేలిన రోజున నిల్వ ముప్పై రోజులకే ఉంది, భూమి నుంచి ఓడ సిద్ధమై రావడానికి నలభై పడుతుంది. అప్పుడు డాక్టర్ హైమవతి, పదేళ్లు తల బద్దలు కొట్టుకుని తయారుచేసిన 'కంఠి' అనే పట్టీని తనతో సహా అందరి మెడలకూ తొడిగింది.

మనిషి పస్తులుంటే మెదడులో న్యూరోపెప్టైడ్ వై అనే రసాయనం ఎక్కువవుతుంది. నాడీకణాలు పంపుకునే ఇలాంటి కబుర్లకు ఆమె 'నాడీలేఖలు' అని పేరు పెట్టుకుంది. కరువొచ్చిందని ఆ లేఖ చెప్పగానే, థైరాయిడ్‌ను తట్టిలేపే టీఆర్‌హెచ్ అనే మరో లేఖ తగ్గిపోతుంది. గ్రంథి మందగిస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి ఖర్చు తగ్గుతుంది. కంఠి చేసేదల్లా, కడుపు నిండిన మనిషి మెదడుకు కూడా ఆ కరువు లేఖ అందించడమే.

లెక్క తప్పలేదు. గాలి ఇంకా ఆరు గంటలకు ఉంది. ఆమె తేలిగ్గా తీసుకున్నది ఆ లేఖ వెంట వచ్చే ఆకలిని. అది ఉత్తుత్తి ఆకలని, పట్టించుకోవద్దని మొదటిరోజే అందరికీ నచ్చజెప్పింది. అందరూ బుద్ధిగా తలూపారు. మూడో వారానికల్లా దిండ్ల కింద బిస్కెట్లు బయటపడ్డాయి.

మధ్యాహ్నం ఓడ దిగింది. కేంద్రం బయటి తలుపు తెరుచుకోవాలంటే లోపలి నుంచి రెండు అరచేతులు ఒకేసారి దాని మీది పలకలకు ఆనాలి. ఒకటి హైమవతిది, రెండోది ఇంజినీరు మస్తాన్‌ది. మస్తాన్ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"నలుగురొచ్చారు మేడం. నలుగురూ తింటారు" అన్నాడు.

వాళ్లు గాలి తెచ్చారని, తలుపు తీయకపోతే సాయంత్రానికి అందరం పోతామని ఆమె బతిమాలింది. కంఠి ఊడదీసినా మెదడు తేరుకోవడానికి రోజులు పడుతుంది. మాటలతోనే గెలవాలి.

"నీ మెదడు నీకు అబద్ధం చెబుతోంది మస్తాన్. చెప్పిస్తున్నది నేనే. నా మాట నమ్ము."

మస్తాన్‌కు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తలుపు వైపు తిరిగి అరచెయ్యి పలక మీద ఆనించాడు. హైమవతికి ప్రాణం లేచొచ్చింది. తనూ చెయ్యెత్తింది.

స్పీకర్‌లో ఓడ కెప్టెన్ గొంతు నవ్వుతూ వినిపించింది. "సిలిండర్లు గుమ్మం ముందే పెట్టాం డాక్టర్ గారూ. దారంతా గొట్టంలో జావ తాగి విసిగిపోయాం. వేడిగా ఏమైనా పెడతారా?"

పలకకు బెత్తెడు దూరంలో ఆమె చెయ్యి ఆగింది. ఇది కంఠి పనేనని ఆమెకు తెలుసు. ఏ లేఖ ఎక్కడ పుట్టి ఎటు పోతోందో బొమ్మ గీసి మరీ చూపించగలదు. చెయ్యి మాత్రం మెల్లగా కిందికి దిగింది.

"మాకే చాలడం లేదు" అంది.