ఇత్తడి ఫిల్టరు మీద నింద

పొద్దున ఐదున్నరకు వరలక్ష్మమ్మ ఇత్తడి ఫిల్టరు పై గిన్నెలో కాఫీ పొడి వేసి, చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టింది. తర్వాత రోజూ చేసే పనే చేసింది. పొడి డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక్కి తోసి, ముందు పసుపు డబ్బా అడ్డం పెట్టింది. ఎనిమిదేండ్లుగా ఆ డబ్బాను ఇంట్లో ఇంకొకరి చేతికి అందనియ్యలేదు.

డికాషన్ చుక్కలు చుక్కలుగా దిగుతుంటే ఆమె చెవి మాత్రం వరండా వైపే ఉంది. భర్త చెంగయ్య పేపరు తిప్పిన చప్పుడు వినబడితే ఒక ఊపిరి, దగ్గినట్టు వినబడితే ఇంకో ఊపిరి. చప్పుడు ఏదీ లేకుంటే చేతిలో పని వదిలేసి తొంగి చూడాల్సిందే.

కాఫీలు కలిపి వరండాలోకి తెచ్చింది. కొడుకు ధనంజయ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని పెదవి విరిచాడు.

"అమ్మా, ఈ ఫిల్టరు పని అయిపోయిందమ్మా. రంగుండాది, చిక్కదనం ఉండాది, వాసనే లేదు. చిల్లులు పూడుకుపోయినట్టుండాయి."

"రేయ్, మీ అమ్మ డికాషన్ను ఏమన్నా అనినావంటే ఊరుకోను," అన్నాడు చెంగయ్య. "ఇరవై ఎనిమిదేండ్లు మద్రాసు రూట్లో కండక్టరుగా తిరిగినాను. పుత్తూరు, నగరి, తిరుత్తణి, యాడా ఇంత చిక్కటి డికాషన్ తాగలేదు. పాలు ఎంత పోసినా రంగు తగ్గదు."

"రంగు కాదు నాయనా కాఫీ అంటే. మా ఏర్పేడు కాలేజీలో ఒక సారు ఉండాడు. రోజూ గింజలు అప్పటికప్పుడు మరలో తిప్పి, నీళ్ళు తూకమేసి పోస్తాడు. ఆయన గదిలో కాఫీ కాస్తే మా ల్యాబులో వాసన వస్తాది. నీకు ఆదివారంతో డెబ్బైరెండు నిండతాయి గదా. మంచి సామాన్లు తెస్తా, సూడు."

వరలక్ష్మమ్మ ఖాళీ పళ్ళెం పట్టుకొని అక్కడే కింద కూర్చుంది.

కోడలు మోహన సెల్లు పట్టుకొని వచ్చి అత్త పక్కన కూర్చుంది. మోహన టీ తాగే ఇంటి నుంచి వచ్చిన పిల్ల. కాఫీతో పని లేకపోయినా కొనే పని అంటే ఆమెకు హుషారు. "అత్తా, ఇది సూడండి. గాజు కూజా, పైనుంచి పిడి నొక్కితే పొడి అడుగుకు పోతాది."

"గాజు వద్దమ్మా. చెయ్యి జారితే ముక్కలు."

"అయితే ఈ కరెంటు మిషను. నీళ్ళు పోసి మీట నొక్కితే డికాషన్ తానే దిగతాది."

"కరెంటు పోతే? ఈ వీధిలో ఎప్పుడు పోతాదో ఎవురికి తెలుసు."

"పోనీ, చేత్తో తిప్పే మర. కరెంటూ వద్దు, గాజూ కాదు."

వరలక్ష్మమ్మ ఒక్క నిమిషం సాకు కోసం వెతికింది. "నా భుజం నొప్పి," అంది.

మోహన నవ్వింది. "మామా, అత్తకు మిషన్లంటే పడదు. మిక్సీ కొన్నప్పుడు రోలు చచ్చిపోయినట్టు ఏడ్చినారంట గదా."

అందరూ నవ్వారు. వరలక్ష్మమ్మ కూడా నవ్వి, ఆ నవ్వు ముఖం మీద ఉండగానే వంటింట్లోకి పోయింది. మరా, మిషనూ, గాజు కూజా ఏదైనా ఒకటే. వాటితో పాటు గింజలు వస్తాయి. ఆమె భయమంతా ఆ గింజలే.

ఎనిమిదేండ్ల కిందట చెంగయ్యకు గుండె దడ వచ్చింది. గుండె అప్పుడప్పుడు లయ తప్పుతోందనీ, మాత్రలు వాడాలనీ, కాఫీ బాగా తగ్గించాలనీ డాక్టరు చెప్పాడు. రోజుకు ఆరు కాఫీలు తాగే మనిషి. "అన్నం మానుకోమన్నా మానుకుంటా, దాని జోలికి రావద్దు" అన్నాడు. ఇంట్లో కాఫీ ఆపితే వీధి చివర హోటలుకు పోయి తాగి వచ్చాడు. రెండు వారాలు పోట్లాడి వరలక్ష్మమ్మ ఒక ఒప్పందానికి వచ్చింది. ఇంట్లో అడిగినప్పుడల్లా తానే పోస్తుంది, బయట మాత్రం చుక్క ముట్టకూడదు. చెంగయ్య ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఆ మరునాడే ఆమె బజారులో కాఫీ పొడి మర పెట్టుకున్న గురప్ప దగ్గరికి పోయింది. గురప్ప అంగట్లో ఎవరికి కావలసిన పాళ్ళలో వాళ్ళకు కాఫీ, చికోరీ కలిపి ఇస్తాడు. చికోరీ అంటే వేయించి పొడి చేసిన ఒక దుంప వేరు. రంగూ చిక్కదనమూ ఇస్తుంది, గుండెను మాత్రం పరిగెత్తించదు. ఆ నెల నూటికి ఇరవై పాళ్ళు చికోరీ వేయించింది. తర్వాత ముప్పై. ఏడాది తిరిగేసరికి కాఫీ ఇరవై, చికోరీ ఎనభై. గురప్ప పాళ్ళు రాసిన కవరును అంగట్లోనే చించేసి, పొడిని డబ్బాలో పోసుకొని వచ్చేది. చికోరీ పెరిగే కొద్దీ డికాషన్ నల్లగా, చిక్కగా దిగింది. చెంగయ్య వచ్చిన చుట్టాలకంతా చూపించి మురిసిపోయాడు. "పుట్టింటి ఇత్తడి ఫిల్టరు మహిమ" అన్నాడు.

ఆమె అంతగా భయపడడానికి కారణం వాళ్ళ నాయన. ఆమెకు పద్నాలుగేండ్లప్పుడు పుత్తూరులో ఒక పొద్దున ఆయన సగం కాఫీ తాగి, "చల్లారనియ్, వచ్చి తాగతా" అని గ్లాసు గట్టు మీద పెట్టి పెరట్లోకి పోయాడు. మళ్ళీ రాలేదు. బావి గట్టు పక్కన పడి ఉన్నాడు. ఆ తర్వాత అన్న పోయాడు, అమ్మ పోయింది, తోడు పెరిగిన అక్క పోయింది. ఒక్కరు కూడా చెప్పి పోలేదు. సగం తాగి పెట్టిన గ్లాసు చూస్తే ఈనాటికీ ఆమె అరచేతులు చల్లబడతాయి.

శుక్రవారం ఆమె గురప్ప అంగటికి పోయింది. ఆమె నోరు తెరవకముందే గురప్ప మర ఆపేశాడు.

"అక్కా, నిన్న నీ కొడుకు వచ్చినాడు. మంచి గింజలు కావాలన్నాడు. అరకిలో ఇచ్చినాను. మా అమ్మ ఏ పొడి తీసుకుంటాది అని అడిగినాడు."

"నువ్వేమని చెప్పినావప్పా?"

"నోరు జారకుండా సూసుకున్నాను. ఎప్పుడూ తీసుకునేదే అన్నాను." గురప్ప తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "అక్కా, ఎనిమిదేండ్లు నీ మాట కాపాడినాను. ఇంక నువ్వే చెప్పేయడం మేలు. అయ్య కోప్పడతాడు. కోప్పడితే ఏమి, మనిషి ఉండాడు గదా."

ఆ రెండు రోజులూ చెప్పాలనే అనుకుంది. శుక్రవారం సాయంత్రం భర్త తమలపాకులు తుడుస్తుంటే దగ్గరికి పోయి కూర్చుంది. ఆయన "ఏమి?" అన్నాడు. "సున్నం ఉండాదా అని," అంది. శనివారం తిరుమల కొండకు పోయే చుట్టాలు దిగారు. వాళ్ళకు కాఫీ పోసింది. "సూడండి, మా ఆవిడ డికాషన్" అని చెంగయ్య గ్లాసెత్తి వెలుతురుకు పెట్టి చూపించాడు. ఆమె తల పైకెత్తలేదు.

ఆదివారం పొద్దున వంటింటి గట్టు మీద కొత్త సామాన్లు వరసగా నిలబడ్డాయి. చేతి మర, కరెంటు మిషను, చిన్న తూకం. ఇత్తడి ఫిల్టరును మోహన కడిగి కిటికీలో బోర్లించింది. ధనంజయ గింజలు తూకమేసి మర తిప్పాడు. కరకరమనే చప్పుడుతో పాటు వాసన లేచింది. హాల్లోకి, వరండాలోకి, పక్కింటి గోడ దాకా పోయింది. వరలక్ష్మమ్మ గుండె ఆ వాసనకు ఒక్కసారి ఆశపడింది. ఆశపడినందుకు ఆమెకే సిగ్గేసింది.

చెంగయ్య మొదటి గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"ఎట్లుండాది నాయనా?"

"రంగు లేదురా," అన్నాడు. ఇంకో గుక్క తాగాడు. "రంగు లేదు గానీ... ఇది నేను యాడనో తాగినాను. చానా కాలం కిందట." మూడో గుక్కకు గ్లాసు ఖాళీ అయింది. గ్లాసు కింది డబరా గిన్నెను ముందుకు జరిపాడు. "ఇంకో గ్లాసు పొయ్యి. ఈ పొద్దు లెక్క లేదు."

మోహన పోసింది. ఆయన ఒక గుక్క తాగి మళ్ళీ గ్లాసు నోటి దాకా ఎత్తేలోపల వరలక్ష్మమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. కాఫీ తొణికి పంచె మీద పడింది.

"వద్దు," అంది.

మోహన ముఖం ఎర్రబడింది. "ఏంటత్తా ఇది? గాజు వద్దన్నారు, కరెంటు వద్దన్నారు, ఊరుకున్నాను. మామ పుట్టినరోజు ఒక గ్లాసు కాఫీ తాగేదానికి కూడా మీ ఫిల్టరే కావాల్నా? మేము తెచ్చినవి ఈ ఇంట్లో చెల్లవా?"

"ఆ గ్లాసు తాగితే ఆయనకు దడ వస్తాది," అంది వరలక్ష్మమ్మ.

"రోజూ నీ చేత్తో నాలుగు పోస్తావు గదమ్మా," అన్నాడు ధనంజయ.

ఇంక ఆపలేకపోయింది. బియ్యం డ్రమ్ము వెనక నుంచి డబ్బా తీసుకొచ్చి వాళ్ళ ముందు పెట్టింది. నిలబడే చెప్పింది. డాక్టరు మాట, గురప్ప, పాళ్ళు, చించేసిన కవర్లు, అన్నీ. చెప్పినంతసేపూ భర్త చేతిలోని గ్లాసునే చూసింది.

"తప్పు ఫిల్టరుది కాదు నాయనా," అంది చివరికి కొడుకుతో. "చిల్లులన్నీ బాగుండాయి. నేనే."

చెంగయ్య గ్లాసు కింద పెట్టాడు. సగం కూడా తాగలేదు.

"బయట తాగొద్దని నాతో ఒట్టేయించుకుంటివి," అన్నాడు. గొంతు పెంచలేదు. "తిరుత్తణిలో పెండ్లికి పోయినాం. అందరూ తాగతా ఉంటే నేను నీళ్ళు తాగి వచ్చినాను. మాట ఇచ్చినాను గదా అని. ఎనిమిదేండ్లు ఊరంతా నీ డికాషన్ గొప్ప చెప్పుకున్నాను. గురప్ప నన్ను సూసి ఎట్ల నవ్వుకున్నాడో."

లేచి వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ కాఫీ కాయలేదు. వరలక్ష్మమ్మ సగం గ్లాసును పారబోయలేదు, ముట్టుకోలేదు. మధ్యాహ్నం దాని మీద మీగడ కట్టింది. గంటకొకసారి వరండా గడప దగ్గరికి పోయి ఆయన వీపు కదులుతోందో లేదో చూసి వచ్చింది. నాలుగోసారి పోయినప్పుడు మోహన వెనకాలే వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు చెప్పుంటే నేనన్నా ఆపుంటాను గదత్తా."

"చెప్తే నువ్వు మీ ఆయనకు చెప్తావు. ఆయన వాళ్ళ నాయనకు చెప్తాడు. మీ మామ పోయి హోటల్లో తాగతాడు. నా మీద కోపం వచ్చినా పరవాలేదు తల్లీ, మనిషి పోతే ఎట్ల?"

మోహన ఆ సగం గ్లాసు తీసుకొని పోయి కడిగింది.

సోమవారం పొద్దున ఐదున్నరకు వరలక్ష్మమ్మ గట్టు ముందు నిలబడింది. ఒక పక్క తన డబ్బా, ఇంకో పక్క కొడుకు గింజలు. ఏది వెయ్యాలో తెలియక మరిగిన నీళ్ళు చల్లారిపోతున్నాయి. వెనక అడుగుల చప్పుడైంది. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆ వేళకు వంటింట్లోకి రాని మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు.

డబ్బా మూత తీసి వాసన చూశాడు. "దీంట్లో కాఫీ ఎంత?"

"నూటికి ఇరవై."

"ధనాకు తేడా తెలిసింది. నాకు తెలీలేదు. ఇరవై ఎనిమిదేండ్ల అనుభవం." తనను తానే ఎత్తిపొడుచుకున్నట్టు అన్నాడు. డబ్బా మూత పెట్టి, "నువ్వేం తాగతా ఉన్నింటివి ఇన్నాళ్ళూ?" అని అడిగాడు.

"అదే."

"నీకేం దడ లేదు గదా. వేరే పొడి తెచ్చుకొని తాగుండొచ్చు."

"మీకు లేనిది నా గొంతు దిగతాదా?"

కాఫీ వాసన అంటే ఆమెకు ఎంత ఇష్టమో ఆయనకు తెలుసు. పెండ్లయిన కొత్తలో డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఆమె కోసమే నగరి నుంచి పొడి పొట్లం తెచ్చేవాడు. కిటికీలో బోర్లించిన ఇత్తడి ఫిల్టరు తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఈ పొద్దు నీ పొడే వెయ్యి. తెలిసి తాగి సూస్తా. సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదాం. ఒక గ్లాసు అసలుది తాగొచ్చంటే ఈ ఫిల్టర్లోనే దించు. వద్దంటే ఇదే తాగతా. ఆ మర ఉండనీ, నీకు గింజలు తిప్పి ఇస్తా. కరెంటు మిషను మాత్రం వాడి సారుకు ఇచ్చేయమను."

"నాకేమీ వద్దు."

"నీకు కావాల. ఇంకోటి విను." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పకుండా ఏదీ కలపొద్దు. నేను చెప్పకుండా యాడికీ పోను."

అది ఎవరూ ఇవ్వలేని మాట అని వరలక్ష్మమ్మకు తెలుసు. అయినా తల ఊపింది. నీళ్ళు మళ్ళీ మరిగించి పోసింది. చుక్కలు దిగేదాకా ఇద్దరూ గట్టు పక్కనే నిలబడ్డారు. కాఫీ కలిపి ఇస్తే ఆయన అక్కడే తాగాడు.

"దుంప వేరు," అన్నాడు. "రంగు మాత్రం కాదనలేం."

చివరి గుక్క దాకా తాగి, గ్లాసును డబరాలో బోర్లించి ఆమె ముందు పెట్టాడు. వరలక్ష్మమ్మ గ్లాసు ఎత్తి చూసింది. అడుగున ఒక్క చుక్క కూడా లేదు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఆ ఖాళీ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని నిలబడింది.